మస్టరు చదివి వినిపిస్తే ఏం మారుతుంది? ఎన్నికల మధ్య కాలంలో ప్రజా తనిఖీ పనిచేసే తీరు

క్లుప్తంగా: ఐదేళ్లకోసారి వేసే ఓటుతో ప్రభుత్వాన్ని మార్చవచ్చు గానీ, ఊళ్లో ఒక పథకం ఎక్కడ దారి తప్పిందో ఓటు చెప్పలేదు. ఆ లోటు తీర్చడానికి దేశంలో జరిగిన ప్రయత్నాల్లో విస్తృతంగా సాగినది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006లో మొదలైన ఉపాధి హామీ సామాజిక తనిఖీ, అంటే పథకం రికార్డులను ఊరి జనం ముందు చదివి సరిచూసే పద్ధతి. ఆ అనుభవాన్ని ఇండోనేషియా, ఉగాండా ప్రయోగాలతో కలిపి చూస్తే ఒక సంగతి స్పష్టమవుతుంది. కూలి, పనిదినాలు వంటి సొంత నష్టాన్ని జనం ఇట్టే పట్టుకుంటారు. కొలతలు, బిల్లుల చాటున జరిగే నష్టాన్ని పట్టుకోవడానికి వారికి సాంకేతిక సాయం కావాలి. పట్టుకున్నాక చర్య తీసుకునే అధికారం ఎవరికీ లేకపోతే రెండూ ఫైళ్లలోనే ఉండిపోతాయి.

ఓటు చేరని చోటు

ఎన్నికల్లో ఓటరు అనేక ప్రశ్నలకు కలిపి ఒకే జవాబు చెప్పాల్సి ఉంటుంది. సాగునీరు, పింఛన్లు, ధరలు, అభ్యర్థి, పార్టీ, నాయకుడి మీద నమ్మకం, అన్నీ ఒక్క మీట నొక్కడంలో కలిసిపోతాయి. ఓడిన ప్రభుత్వానికి తాను ఓడిన సంగతి తెలుస్తుందే తప్ప, ఏ మండలంలో ఏ మస్టరులో (కూలీల హాజరు పట్టీలో) దొంగపేర్లు ఎక్కాయో తెలియదు. గెలిచిన ప్రభుత్వానికి ఆ ఆరా తీయాల్సిన అవసరమే కనిపించదు. పైగా పథకాల సొమ్ము కారిపోయేది ఎక్కువగా హాజరు వేసే ఫీల్డ్ అసిస్టెంటు, కూలి డబ్బు చేతికిచ్చే సిబ్బంది, కొలతలు రాసే ఇంజినీరు దగ్గర. వీరెవరూ ఎన్నికల్లో నిలబడరు.

ప్రభుత్వానికి సొంత ఆడిట్ లేదా అంటే ఉంది. అయితే ఆ ఆడిట్ కాగితాన్ని కాగితంతో సరిచూస్తుంది. మస్టరులో యాభై మంది వేలిముద్రలున్నాయి, మెజర్‌మెంట్ బుక్కులో ఆ పనికి సరిపడా ఘనపు మీటర్లున్నాయి, పే ఆర్డరు మొత్తం రెండింటితోనూ సరిపోయింది అంటే ఆడిటరుకు అభ్యంతరం పెట్టే వీలుండదు. ఆ యాభై మందిలో ఇద్దరు అంతకు రెండేళ్ల ముందే చనిపోయారనీ, మరో పదిమంది ఆ వారం మిరప కోతలకు గుంటూరు వైపు వెళ్లారనీ ఊరివాళ్లకు మాత్రమే తెలుస్తుంది. కాగితం మీద ఏ తప్పూ లేని అబద్ధాన్ని ఆ కాగితంలో పేరున్న మనిషి ముందు చదివితేనే అది అబద్ధమని తేలుతుంది. ఎన్నికల మధ్య కాలంలో ప్రజల భాగస్వామ్యం విధానానికి చేసే మేలు గురించి సిద్ధాంతంగా ఎంత చెప్పినా, దాని అసలు బలం ఈ చిన్న సంగతిలోనే ఉంది. ప్రభుత్వం దగ్గర లేని సమాచారం జనం దగ్గర ఉంది. దాన్ని రాబట్టే పద్ధతే కావాలి.

కోట్ కిరానా నుంచి అనంతపురం దాకా

ఆ పద్ధతి రాజస్థాన్‌లో పుట్టింది. 1990 మే 1న ఏర్పడిన మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ మొదట్లో చేసిన పోరాటాలు కనీస కూలి కోసం. రికార్డుల్లో అంతా సవ్యంగానే ఉందని అధికారులు అనడం, ఆ రికార్డులు చూపమంటే అవి రహస్యమనడం ప్రతిచోటా ఎదురైంది. దాంతో గొడవ కూలి నుంచి రికార్డుల మీదికి మళ్లింది. 1994 డిసెంబరులో పాలీ జిల్లా కోట్ కిరానాలో ఆ సంస్థ తొలి ‘జన్ సున్‌వాయి’ (బహిరంగ విచారణ) జరిపి, సంపాదించిన మస్టర్లను, బిల్లులను ఊరందరి ముందు చదివింది. 1996లో బ్యావర్‌లో సాగిన ధర్నా, ఆ తర్వాతి ఉద్యమం 2005లో వచ్చిన సమాచార హక్కు చట్టానికి దారితీసిన ముఖ్యమైన కారణాల్లో ఒకటి. అదే ఏడాది వచ్చిన జాతీయ గ్రామీణ ఉపాధి హామీ చట్టం 17వ సెక్షన్‌లో, పనుల మీద గ్రామసభ నిఘా ఉంచాలనీ క్రమం తప్పకుండా సామాజిక తనిఖీ జరపాలనీ రాశారు.

చాలా రాష్ట్రాల్లో ఆ సెక్షన్ చట్టంలోనే ఉండిపోయింది. గ్రామసభ రిజిస్టరులో ‘సామాజిక తనిఖీ జరిగినది’ అని ఒక వాక్యం రాసి, సంతకాలు తీసుకుంటే సరిపోయేది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దారి వేరు. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో ప్రారంభమైంది. అదే ఏడాది ఆ జిల్లాలోనే వాలంటీర్లు ఊరూరా నడిచి పెద్ద ఎత్తున తనిఖీ జరిపారు. గ్రామీణాభివృద్ధి శాఖ ముఖ్యకార్యదర్శిగా ఉన్న కె. రాజు చొరవతో శాఖలోనే ఒక ప్రత్యేక విభాగం ఏర్పడింది. రాజస్థాన్ ఉద్యమంలో పనిచేసిన సౌమ్య కిడాంబి దానికి సారథ్యం వహించారు. 2009లో అది సామాజిక తనిఖీ, జవాబుదారీతనం, పారదర్శకత సొసైటీ పేరుతో విడి సంస్థ అయింది. పథకాన్ని నడిపే శాఖ తన పనిని తానే తనిఖీ చేసుకోవడం కుదరదన్న సూత్రానికి అలా ఒక రూపం వచ్చింది. 2011లో కేంద్రం కాగ్‌ను సంప్రదించి తెచ్చిన ఆడిట్ నిబంధనలు ఈ నమూనానే దేశమంతటికీ వర్తింపజేశాయి. ప్రతి పంచాయతీలో ఆరు నెలలకోసారి తనిఖీ జరగాలనీ, ప్రతి రాష్ట్రంలో స్వతంత్ర విభాగం ఉండాలనీ ఆ నిబంధనలు చెప్పాయి.

ఉద్యమం పుట్టిన రాజస్థాన్‌లో నిలదొక్కుకోనిది ఆంధ్రలో ఎలా నిలిచిందన్న ప్రశ్నకు జవాబు అధికారం పంచుకున్న తీరులో దొరుకుతుంది. రాజస్థాన్‌లో పనులు చేయించేది పంచాయతీ. 2009 అక్టోబరులో భిల్వాడా జిల్లాలో పెద్ద తనిఖీ జరిగిన తర్వాత సర్పంచులు, గ్రామసేవకులు ఆందోళనకు దిగారు, ఆ ప్రక్రియ ముందుకు సాగలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సర్పంచుల పాత్ర అప్పటికే కుదించుకుపోయి ఉంది. పనులు ఎంపీడీఓ, ఏపీఓ (అదనపు ప్రోగ్రాం అధికారి), టెక్నికల్ అసిస్టెంటు, ఫీల్డ్ అసిస్టెంట్ల వరుసలో నడిచేవి. తనిఖీలో దొరికేది ఓట్లు తెచ్చిపెట్టే నాయకుడు కాదు, కాంట్రాక్టు ఉద్యోగి. ఊరి నుంచి వచ్చే ఈ సమాచారం రాష్ట్ర ప్రభుత్వానికి తన కింది సిబ్బంది మీద కన్నులా పనికొచ్చింది. ప్రజల నిఘాను పాలకులు ఓర్చుకున్నది అది తమకూ అక్కరకొచ్చినంత మేరకేనన్న నిజాన్ని పొగడ్తల మధ్య మరిచిపోకూడదు. పంచాయతీలు బలహీనంగా ఉండటం తనిఖీకి కలిసివచ్చిందన్నది కొంచెం ఇబ్బంది పెట్టే మాటే.

అరుగు మీద రికార్డులు

తనిఖీ ఎలా జరుగుతుందో దగ్గరగా చూస్తే దాని బలం, పరిమితి రెండూ అర్థమవుతాయి. ముందుగా మండల ఉపాధి కార్యాలయం నుంచి మస్టర్లు, పే ఆర్డర్లు, మెజర్‌మెంట్ బుక్కులు, అంచనాలు, సామగ్రి బిల్లులు తీసుకుంటారు. జిల్లా రిసోర్స్ పర్సన్లు (అందరూ డీఆర్పీలు అని పిలుస్తారు) మండలంలో దిగి, కూలి కుటుంబాల నుంచి చదువుకున్న యువతీయువకులను గ్రామ సామాజిక తనిఖీదారులుగా ఎంచుకుని శిక్షణ ఇస్తారు. వీరిని సొంత ఊరికి కాకుండా పక్క ఊళ్లకు పంపుతారు. బడిలోనో పంచాయతీ ఆఫీసులోనో బస చేయాలి. పని చేయించిన సిబ్బంది ఇంట్లో భోజనం చేయకూడదు.

ఆ తర్వాతది ఇంటింటి పని. కూలీలు పొలాల నుంచి తిరిగొచ్చే వేళ తనిఖీదారు అరుగు మీద కూర్చుని ‘ఫలానా చెరువు పూడికతీతలో మీ పేరున ఆరు రోజులు పడింది, ఇంత కూలి వచ్చింది’ అని చదువుతారు. కూలి తన జాబ్ కార్డు, పాసుపుస్తకం తెచ్చి చూపిస్తారు. ‘చేసింది నాలుగు రోజులే’, ‘పని చేశాం గానీ ఆ డబ్బు రాలేదు’, ‘కార్డు ఫీల్డ్ అసిస్టెంటు దగ్గరే ఉంది’ వంటి జవాబులు వస్తే వాటిని అక్కడికక్కడే వాంగ్మూలంగా రాసి సంతకమో వేలిముద్రో తీసుకుంటారు. చదువు రాని మనిషికి తన పేరు మీద ప్రభుత్వ పుస్తకంలో ఏముందో తెలిసే సందర్భం చాలా ఊళ్లలో ఇదొక్కటే. కార్డు మన దగ్గరే ఉండాలనీ, పని అడిగితే రసీదు ఇవ్వాలనీ జనానికి తెలిసింది ఎక్కువగా ఈ మాటల మధ్యే. గోడల మీద రాసిన నినాదాలకు అంత ఫలితం దక్కలేదు.

చివరి ఘట్టం ప్రజావేదిక. మండల కేంద్రంలో షామియానా కింద డ్వామా (జిల్లా నీటి యాజమాన్య సంస్థ) అధికారి, విజిలెన్స్ అధికారి, ప్రజాప్రతినిధులు, కూలీలు, ఆరోపణలు ఎదుర్కొంటున్న సిబ్బంది కూర్చుంటారు. ఊరి వారీగా నివేదికలోని పేరాలు (తేలిన ఒక్కో లోపానికి ఒక పేరా) ఒక్కొక్కటే చదువుతారు. సిబ్బంది సమాధానం చెబుతారు, కూలీలు కాదంటారు. రికవరీయా, సస్పెన్షనా, శాఖాపరమైన విచారణా అన్నది అధ్యక్షత వహించే అధికారి అప్పుడే ప్రకటిస్తారు. మామూలు ప్రభుత్వ ఫిర్యాదుకు, దీనికి తేడా ఆ ‘అప్పుడే’ అన్న మాటలో ఉంది. నిర్ణయం పదిమంది ఎదుట నోటితో చెప్పాల్సి రావడం వల్ల ఫైలు మూసేసే అవకాశం కొంత తగ్గుతుంది. పూర్తిగా పోదు, ఆ సంగతి తర్వాత చూద్దాం.

కూలి లెక్క దొరికింది, సిమెంటు లెక్క దొరకలేదు

తనిఖీల వల్ల అవినీతి తగ్గిందా అన్న ప్రశ్నకు ఆర్థికవేత్తలు ఫర్జానా అఫ్రిది, వెగార్డ్ ఇవర్సెన్ జవాబు వెతికారు. ఉమ్మడి రాష్ట్రంలోని ఎనిమిది జిల్లాల్లో 300 పంచాయతీల సామాజిక తనిఖీ నివేదికలను, 2006-2010 మధ్య వరుస విడతలను వారు పోల్చి చూశారు. కూలి అందకపోవడం వంటి, కూలీలకు సులువుగా తెలిసిపోయే అక్రమాలు విడత విడతకూ తగ్గాయి. సామగ్రికి సంబంధించిన, పట్టుకోవడం కష్టమైన అక్రమాలు పెరిగాయి. మొత్తం మీద తేలిన అక్రమాల సంఖ్యలో చెప్పుకోదగ్గ తగ్గుదల కనిపించలేదు. చూపు పడే చోట నుంచి చూపు పడని చోటికి దొంగతనం మకాం మార్చిందని దీని సారాంశం.

ఇది ఆంధ్ర ప్రత్యేకత కాదు. ఇండోనేషియాలోని జావా దీవిలో బెంజమిన్ ఓల్కెన్ 608 గ్రామాల రోడ్డు పనుల మీద జరిపిన అధ్యయనం 2007లో ప్రచురితమైంది. అక్కడ ఇంజినీర్లు పూర్తయిన రోడ్డును మధ్యమధ్యలో తవ్వి, ఎంత రాయి, ఎంత ఇసుక పడిందో కొలిచి, బిల్లుల్లో రాసిన పరిమాణంతో సరిచూశారు. కొన్ని గ్రామాల్లో ప్రభుత్వ ఆడిట్ తప్పకుండా జరుగుతుందని ముందే చెప్పారు. మరికొన్నింట లెక్కలు అప్పజెప్పే సభలకు వందల ఆహ్వాన పత్రాలు పంచి జనాన్ని రప్పించారు. ఆడిట్ జరిగే అవకాశాన్ని 4 శాతం నుంచి 100 శాతానికి పెంచిన చోట లెక్క తేలని ఖర్చు 8 శాతం పాయింట్లు తగ్గింది. జనం ఎక్కువగా వచ్చిన చోట కూలి సొమ్ములో మాయమయ్యేది తగ్గింది గానీ సామగ్రి సొమ్ము మీద ప్రభావం కనిపించలేదు, మొత్తం నష్టం పెద్దగా మారలేదు. రెండు వేర్వేరు పాలనా సంప్రదాయాల్లో ఒకే గీత దగ్గర ప్రజా తనిఖీ ఆగిపోవడం యాదృచ్ఛికం అనుకోలేం.

కారణం ఊహించడం కష్టం కాదు. కూలి డబ్బు పోతే పోయేది ఫలానా మనిషిది. అడగడానికి ఆ మనిషికి కారణం, ఆధారం రెండూ ఉన్నాయి. సీసీ రోడ్డులో సిమెంటు పాలు తగ్గిస్తే నష్టం ఊరందరిది, కనుక అడగాల్సిన బాధ్యత ఏ ఒక్కరిదీ కాదు. అడగాలన్నా ఎంత పాలు పడాలో, ఎంత పడిందో తెలియాలి. మట్టి పనిలోనూ ఇదే చిక్కు. వేసవిలో తవ్విన పంటకుంటను వానాకాలం తర్వాత టేపుతో కొలిస్తే పూడిక చేరి లోతు తగ్గి ఉంటుంది. తవ్వనే లేదా, తవ్వింది పూడిపోయిందా అన్న వాదనలో టెక్నికల్ అసిస్టెంటు మాట నెగ్గడం సులువు. అదే మొక్కల పెంపకం పని అయితే గట్టు వెంట నడిచి బతికిన మొక్కలను లెక్కపెట్టవచ్చు. తనిఖీదారుల్లో కొలతలు, అంచనాలు చదవగల ఇంజినీరింగ్ పరిజ్ఞానం ఉన్నవారు ఎందరన్నది, సభకు ఎంతమంది వచ్చారన్న దాని కంటే ముఖ్యమైన ప్రశ్న అవుతుంది. ఉపాధి చట్టం సామగ్రి ఖర్చుకు 40 శాతం దాకా వీలిచ్చింది కనుక, ఆ వాటా పెరిగే కొద్దీ కూలీల చూపు చేరని సొమ్మూ పెరుగుతుంది.

జావా అధ్యయనంలో మరో చిన్న వివరం ఉంది. కొన్ని ఊళ్లలో పేరు రాయనక్కర్లేని అభిప్రాయ పత్రాలు కూడా పంచారు. వాటిని ఊరి పెద్దల చేత కాకుండా బడి పిల్లల ద్వారా ఇళ్లకు పంపిన చోట ఫలితం మెరుగ్గా వచ్చింది. పత్రం ఎవరి చేతి మీదుగా వెళ్లిందన్నదే ఎవరు నోరు విప్పుతారో నిర్ణయించింది.

ఉగాండాలో కథ మరో మలుపు తిరిగింది. తొమ్మిది జిల్లాల్లో 50 ఆరోగ్య కేంద్రాల పనితీరు వివరాలను ఊళ్లకు ఇచ్చి, జనాన్ని సిబ్బందితో కూర్చోబెట్టిన ప్రయోగంలో ఐదేళ్ల లోపు పిల్లల మరణాలు 33 శాతం తగ్గాయని మార్టినా బ్యోర్క్‌మన్, యాకోబ్ స్వెన్సన్ 2009లో ప్రకటించారు. ప్రపంచమంతా ఉటంకించిన ఫలితమది. తర్వాత అదే తరహా కార్యక్రమాన్ని అక్కడే 376 కేంద్రాల్లో మరో బృందం పరీక్షించినప్పుడు వైద్యం నాణ్యతలో కొంత మెరుగు కనిపించినా, మరణాల తగ్గుదల కనిపించలేదు. ఒక చోట పనిచేసిన సభ ఇంకో చోట అలాగే పనిచేస్తుందన్న హామీ లేదన్నమాట.

తేలిన సొమ్ము ఎక్కడ ఆగుతుంది

ప్రజావేదికలో ప్రకటించిన రికవరీకీ, ఖజానాకు జమ అయిన సొమ్ముకూ మధ్య దూరం మొదటి నుంచీ ఉంది. ఉమ్మడి రాష్ట్రం తనిఖీలు ఘనంగా జరిపిన రోజుల్లోనూ తేలిన మొత్తంలో అధిక భాగం వసూలు కాలేదు. దేశవ్యాప్తంగానూ పరిస్థితి అంతే. ఇందులో ఎవరి మీద వేటు పడుతుందన్నది గమనించదగ్గది. ఫీల్డ్ అసిస్టెంటు కాంట్రాక్టు ఉద్యోగి కనుక ఆయన్ని తొలగించడానికి ఒక ఉత్తర్వు చాలు. బిల్లు మీద సంతకం చేసిన రెగ్యులర్ ఇంజినీరు విషయం మాతృశాఖకు వెళుతుంది, అక్కడ చార్జిమెమో, సంజాయిషీ, విచారణాధికారి నియామకం వరుసగా జరగాలి, ఈలోగా బదిలీయో పదవీ విరమణో వచ్చేస్తుంది. అందుకే కింది ఉద్యోగుల్లో ‘దొరికేది మేమే’ అన్న మాట తరచూ వినిపిస్తుంది. అందులో అతిశయోక్తి ఉన్నా అబద్ధం లేదు.

ఈ లోపాన్ని సరిదిద్దడానికి ఉమ్మడి రాష్ట్రం 2012లో సామాజిక తనిఖీ ప్రోత్సాహం, అవినీతి చర్యల నిరోధానికి ప్రత్యేకంగా చట్టం తెచ్చింది. తనిఖీలో తేలిన కేసులను విచారించే సంచార కోర్టుల ఏర్పాటు అందులో ఉంది. చట్టం చేసినంత సులువుగా కోర్టులు నడవలేదు. మేఘాలయ 2017లో సామాజిక తనిఖీకి ప్రత్యేక చట్టం చేసి, దాన్ని ఒక్క ఉపాధికే కాకుండా అనేక శాఖల పథకాలకు విస్తరించింది. పథకం పూర్తయ్యాక తప్పులు ఎంచడం కంటే, అమలవుతుండగానే చూసి సరిదిద్దడం మీద ఆ చట్టం దృష్టి పెట్టింది. శిక్ష ఆలస్యమయ్యే వ్యవస్థలో ఈ రెండో దారి ఎక్కువ ఆచరణీయం అనిపిస్తుంది. కూలి పడని వారానికి ఆరు నెలల తర్వాత దోషిని కనుక్కోవడం కంటే ఆ నెలలోనే కూలి పడేలా చేయడం కూలీకి మేలు.

విధానం మెరుగుపడేది కూడా ఇక్కడే. ఒక ఊళ్లో ఒక కార్డు ఫీల్డ్ అసిస్టెంటు దగ్గర ఉందంటే అది ఆ మనిషి తప్పు. వందల ఊళ్లలో అదే పేరా కనిపిస్తే అది పథకం రూపకల్పనలోనే ఉన్న లోపం. తనిఖీ నివేదికల్లో పేరాలను దోషుల జాబితాగా మాత్రమే చదివే శాఖకు రెండోది కనిపించదు. వ్యక్తులపై చర్యలు నత్తనడకన సాగినా, ఒకే రకం పేరాలను గుదిగుచ్చి నిబంధన మార్చగల అధికారి ఉంటే తనిఖీ ఖర్చు గిట్టుబాటవుతుంది.

అర్జీ పెట్టేవారు, పెట్టలేనివారు

భాగస్వామ్యం అనగానే ప్రభుత్వాలకు ముందు తట్టేది అర్జీల స్వీకరణ. తెలంగాణలో ప్రజావాణి, ఆంధ్రప్రదేశ్‌లో 2019 తర్వాత స్పందన, ఇప్పుడు ప్రజా సమస్యల పరిష్కార వేదిక అన్నీ సోమవారం కలెక్టరేట్ ముందు కనిపించే వరుసలే. ఒక పింఛను, ఒక పట్టాదారు పాసుపుస్తకం, ఒక సరిహద్దు గొడవ తేల్చడానికి అవి పనికొస్తాయి. అయితే అర్జీ పెట్టినవారి సంగతే అక్కడ తెలుస్తుంది. రోజు కూలి పోగొట్టుకుని, బస్సు చార్జీ పెట్టుకుని జిల్లా కేంద్రానికి రాలేనివారి కష్టం ఆ లెక్కలో ఉండదు. ‘పరిష్కరించడమైనది’ అని కంప్యూటరులో మూసేసిన అర్జీ నిజంగా పరిష్కారమైందా లేదా అని అర్జీదారునే అడిగే ఏర్పాటు లేకపోతే ఆ శాతాలకు అర్థం లేదు.

గొంతున్నవారి మాటే వినడం వల్ల మంచి విధానం కూడా ఆగిపోవచ్చని చెప్పే ఉదాహరణ మన దగ్గరే ఉంది. ఉపాధి కూలి, పింఛన్లను వేలిముద్రతో ఊళ్లోనే ఇచ్చే స్మార్ట్‌కార్డుల మీద కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖతంకర్ ఎనిమిది జిల్లాల్లోని 157 మండలాల్లో అధ్యయనం చేశారు. చెల్లింపులు త్వరపడ్డాయి, స్వాహా తగ్గింది. అయినా 2013 ప్రాంతంలో ప్రభుత్వం ఆ పద్ధతిని దాదాపు ఎత్తివేయబోయింది. కింది నుంచి పైకి వెళ్లిన మాటల్లో ఫిర్యాదులే ఎక్కువ, ఆ ఫిర్యాదుల్లో పాత పద్ధతిలో లాభపడినవారి వాటా తక్కువేమీ కాదు. లబ్ధిదారులనే వరుసగా అడిగితే అత్యధికులు కొత్త పద్ధతే మేలన్నారు. ఆ సమాచారం అందాకే నిర్ణయం మారింది.

ఇంకో పద్ధతి చడీచప్పుడు లేనిది. 2018లో తెలంగాణ ప్రభుత్వం రైతుబంధు కింద ఎకరానికి 4,000 రూపాయల చొప్పున చెక్కులు పంచినప్పుడు, యాదృచ్ఛికంగా ఎంపిక చేసిన మండలాల్లో వ్యవసాయ అధికారులకు ఒక మాట చెప్పారు: మీ మండలంలో రైతులకు ఫోన్లు చేసి చెక్కు అందిందో లేదో కనుక్కుంటాం అని. అంతే. ఆ మండలాల్లో చెక్కు అందని రైతుల సంఖ్య 7.8 శాతం తగ్గింది. అదనంగా చేరిన ప్రతి రూపాయికీ అయిన ఖర్చు నాలుగు పైసల లోపే. ఇక్కడ సభ లేదు, నినాదం లేదు, రైతు చేయాల్సిందల్లా ఫోను ఎత్తి నిజం చెప్పడం. ఉద్యమకారులకు ఇది భాగస్వామ్యంలా అనిపించకపోవచ్చు. కానీ అర్జీ రాయలేని రైతు మాట, రాయగలిగిన రైతు మాటతో సమానంగా లెక్కలోకి వచ్చింది.

అయితే ఫోను కాల్ వల్ల రైతుకు చెక్కు వస్తుందేమో గానీ, పక్క రైతుకు ఎందుకు రాలేదో తెలియదు. కౌలు రైతుకు ఆ పథకమే ఎందుకు వర్తించలేదన్న ప్రశ్న ఆ ఫోనులో అడగడానికి వీల్లేదు. అమలును సరిచేయడం ఒకటి, విధానాన్నే ప్రశ్నించడం మరొకటి. రెండోదానికి జనం ఒక చోట కూడాలి.

కింది మెట్టును అడగొచ్చు, పై మెట్టును?

సామాజిక తనిఖీ చూపు ఎప్పుడూ కిందికే ఉంటుంది. మస్టరు ముగిసిన 15 రోజుల్లో కూలి ఇవ్వాలనీ, ఆలస్యమైతే రోజుకు 0.05 శాతం పరిహారం ఇవ్వాలనీ ఉపాధి చట్టం చెప్పింది. ఆలస్యానికి కారణం మండలంలో మస్టరు అప్‌లోడ్ చేయకపోవడమైతే ప్రజావేదికలో నిలదీయవచ్చు. నిధులు ఢిల్లీ నుంచే రాకపోతే షామియానా కింద జవాబు చెప్పేవారే ఉండరు. ఐదు వందల రూపాయలకు ఫీల్డ్ అసిస్టెంటును అడిగే అధికారం గ్రామసభకు దక్కింది గానీ, నెలల తరబడి ఆగిన నిధులకు అడిగే వేదిక ఏర్పడలేదు.

తప్పు తేలాక శిక్ష ఎవరికి పడుతుందన్నదీ ఇలాంటిదే. పశ్చిమ బెంగాల్‌లో అక్రమాలు జరిగాయంటూ కేంద్రం 2022 మార్చి నుంచి ఉపాధి నిధులు ఆపింది. 2025 జూన్‌లో కలకత్తా హైకోర్టు పథకాన్ని తిరిగి మొదలుపెట్టాలని ఆదేశించే దాకా, ఆ తర్వాత కూడా, నష్టపోయింది అక్రమాలు చేసినవారు కాదు, పని చేసి కూలి అందనివారు. తప్పు బయటపెడితే పథకమే ఆగిపోతుందన్న భయం ఊళ్లోకి వస్తే వాంగ్మూలం ఇచ్చేవారు తగ్గుతారు.

ఇదే కాలంలో నిఘా ఊరి నుంచి తెర మీదికి జరిగింది. 2023 జనవరి నుంచి, వ్యక్తిగత లబ్ధిదారుల పనులు తప్ప, అన్ని పని స్థలాల్లోనూ ఎన్ఎంఎంఎస్ అనే మొబైల్ హాజరు యాప్‌లో రోజుకు రెండు సార్లు ఫొటోతో హాజరు వేయడం తప్పనిసరి చేశారు. పనికి సంబంధం లేని ఫొటోలు, ఫొటోను మళ్లీ ఫొటో తీసి పెట్టడం వంటి అక్రమాలు జరుగుతున్నాయని 2025 జూలైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే ఒక సర్క్యులర్‌లో రాష్ట్రాలకు రాసింది. యాప్‌ను తప్పుపట్టడం కంటే ఇక్కడ గమనించాల్సింది మరొకటుంది. అరుగు మీద మస్టరు చదివితే అబద్ధం పట్టుకునేది అందులో పేరున్న కూలి. సర్వరులో పడిన ఫొటోను చూసేది ఆ మనుషుల ముఖాలు తెలియని ఉద్యోగి. సాంకేతికత వచ్చినా, సమాచారం ఎవరి దగ్గర ఉందన్న మొదటి ప్రశ్న అలాగే ఉంది.

కొత్త చట్టంలో చూడాల్సినవి

2025 డిసెంబరులో పార్లమెంటు ఉపాధి హామీ చట్టం స్థానంలో కొత్త చట్టాన్ని ఆమోదించింది. పనిదినాలను 125కు పెంచిన ఆ చట్టం, చాలా రాష్ట్రాలకు ఖర్చును కేంద్రం 60, రాష్ట్రం 40 శాతం చొప్పున పంచింది. పాత చట్టంలో నైపుణ్యం అవసరం లేని పనుల కూలి మొత్తం కేంద్రానిదే, సామగ్రి ఖర్చులో ముప్పావు భాగమూ కేంద్రానిదే. సామాజిక తనిఖీని కొత్త చట్టమూ గ్రామసభకే అప్పగించింది. ఈ మార్పు తనిఖీ మీద రెండు రకాలుగా పనిచేయవచ్చు. సొంత డబ్బు 40 శాతం ఉన్నప్పుడు అది ఎక్కడికి పోతోందో తెలుసుకోవాలన్న ఆసక్తి రాష్ట్రానికి పెరగాలి. అదే సమయంలో ఆదా చేయాలన్న ఒత్తిడిలో ముందుగా కోతపడేవాటిలో తనిఖీ సిబ్బంది జీతాలూ ఉంటాయి. సామాజిక తనిఖీ విభాగాలకు కేంద్రం నుంచి నిధులు ఆలస్యమై పలు రాష్ట్రాల్లో పని కుంటుపడిన అనుభవం ఇప్పటికే ఉంది.

రెండు తెలుగు రాష్ట్రాలకూ విభజన తర్వాత చెరో సొసైటీ, ఇరవై ఏళ్ల రికార్డులు, ఊరూరా తిరిగిన డీఆర్పీలు ఉన్నారు. కొత్తగా కట్టాల్సిన వ్యవస్థ తక్కువ. రాయాల్సిన నిబంధనల్లో మాత్రం సామగ్రి బిల్లులు చదవగల ఇంజినీర్లు తనిఖీ బృందంలో ఉంటారా, ప్రజావేదికలో ప్రకటించిన రికవరీకి గడువు, బాధ్యుడైన అధికారి పేరు ఉంటాయా, రెగ్యులర్ ఉద్యోగిపై చర్య ఎన్ని రోజుల్లో తేలాలో రాస్తారా అన్నవి గమనించాలి. ఈ మూడూ లేకుండా గ్రామసభల సంఖ్య ఎంత పెంచినా, పేరాలు మస్టర్ల దగ్గరే ఆగి సిమెంటు బిల్లుల దాకా వెళ్లవు.